పిల్లల్ని రాత్రి తొమ్మిదికల్లా నిద్రపుచ్చడం ఎలా? ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా

"మా పాప పదకొండున్నర అయినా పడుకోదు, ఏం చేయాలి?" పెళ్లిళ్లలో కలిసినా, అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసినా చంటిపిల్లల తల్లులు నన్ను అడిగేది ఇదే. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట వరసగా రాస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

మా పెద్దవాణ్ణి ఏడాదిన్నర వచ్చేదాకా భుజాన వేసుకుని హాలంతా తిరిగి పడుకోబెట్టాం. మంచం మీద వేయగానే లేచేవాడు. మళ్లీ భుజాన వేసుకోవడమే. రాత్రి పన్నెండు దాటాక వాడు పడుకుంటే, పొద్దున "పాపం, పడుకోనీలే" అని పదింటిదాకా లేపేవాళ్లం కాదు. తప్పు అక్కడుందని చాలా ఆలస్యంగా తెలిసింది. రాత్రి నిద్ర కుదరాలంటే ముందు పొద్దున లేచే టైమ్ కుదరాలి. పదింటికి లేచిన పిల్ల రాత్రి తొమ్మిదికి పడుకోదు. అందుకే కింద చెప్పిన మెట్లలో మొదటి మూడూ పగటి గురించే ఉంటాయి. వాటిని వదిలేసి నేరుగా స్నానం, కథల దగ్గరికి వెళ్లకండి.

మూడు నెలల్లోపు పసికందులకి ఇది వర్తించదు. వాళ్లకి పగలు, రాత్రి తేడా ఇంకా పట్టుబడదు. ఆకలేస్తే పాలు, నిద్రొస్తే నిద్ర, అంతే. పగలు కిటికీలు తీసి వెలుతురులో ఉంచండి, రాత్రి చీకట్లో మెల్లగా మాట్లాడండి. ఆ వయసుకి అది చాలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయినా, బరువు సరిగ్గా పెరగని బిడ్డ అయినా ముందు మీ పిల్లల డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.

ఎంత నిద్ర కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల ప్రకారం 4 నుంచి 11 నెలల వాళ్లకి రోజుకి 12 నుంచి 16 గంటలు, 1–2 ఏళ్ల వాళ్లకి 11 నుంచి 14 గంటలు, 3–4 ఏళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పగటి కునుకులు కూడా ఇందులోనే లెక్క. పగలు నాలుగు గంటలు పడుకున్న రెండేళ్ల పిల్ల రాత్రి పది గంటలు పడుకోలేదని కంగారు పడాల్సిన పనిలేదు. లెక్క అక్కడే సరిపోయింది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

కొత్తగా కొనాల్సినవి పెద్దగా లేవు. ఒక నోట్‌బుక్, పెన్ను. పసుపు రంగు వెలుతురిచ్చే చిన్న బెడ్‌లైట్. కిటికీకి ముదురు కర్టెన్, లేదంటే పాత దుప్పటి. దోమతెర. మెత్తటి నూలు బట్టలు రెండు జతలు. ఒక అట్ట పుస్తకం, బొమ్మలు పెద్దగా ఉన్నది.

మస్కిటో కాయిల్ బిడ్డ పడుకునే గదిలో వద్దు, ఆ పొగ మంచిది కాదు. దోమతెరే మేలు.

ఇక పడక సంగతి. ఏడాది నిండేదాకా బిడ్డని వెల్లకిలా, చదునుగా, కాస్త గట్టిగా ఉండే పరుపు మీదే పడుకోబెట్టాలి. దిండు వద్దు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా వద్దు. అటూ ఇటూ బోల్‌స్టర్లు, మెత్తటి బొమ్మలు, బరువైన బొంతలు ఉంటే ముఖం మీదికి జరిగి ఊపిరి ఆడకపోవచ్చు. మీ గదిలోనే, మీ మంచం పక్కనే, వేరే పడక మీద పడుకోబెట్టడం అన్నిటికన్నా క్షేమం. మన ఇళ్లలో పక్కలో వేసుకునే అలవాటు ఎక్కువ, నాకు తెలుసు. అయినా కొన్ని సందర్భాల్లో మాత్రం అసలు వద్దు: పక్కన పడుకునేవాళ్లు సిగరెట్ తాగేవాళ్లయితే, మందు తాగి ఉంటే, మత్తు కలిగించే మాత్రలు వేసుకుని ఉంటే. సోఫాలో బిడ్డని గుండె మీద పెట్టుకుని నిద్రపోవడం ఎవరికీ వద్దు. పరుపుకీ గోడకీ మధ్య సందు ఉందేమో రోజూ చూసుకోండి.

మెట్లు

1. మూడు రోజులు రాసుకోండి, ఏమీ మార్చకండి

పొద్దున ఎన్నింటికి లేచింది, కునుకులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయి, రాత్రి నిజంగా కళ్లు మూసింది ఎప్పుడు, ఎన్నిసార్లు లేచింది. ఈ నాలుగూ రాయండి చాలు. "పదింటికి పడుకోబెట్టాం" అని కాదు, "పదకొండూ ఇరవైకి నిద్రపోయింది" అని రాయాలి. చాలామంది ఈ పని వదిలేస్తారు. రాసి చూస్తేనే తెలుస్తుంది, సాయంత్రం ఆరింటికి ఆటోలో వస్తూ పడిన అరగంట కునుకే రాత్రి రెండు గంటలు మింగేస్తోందని.

2. లేపే టైమ్, పడుకోబెట్టే టైమ్ రెండూ కలిపి జరపండి

ఇప్పుడు పదకొండుకి పడుకుని తొమ్మిదిన్నరకి లేస్తోందనుకుందాం. ఈ రాత్రి నుంచే తొమ్మిదికి పడుకోబెడదామంటే రెండు గంటలు ఏడుపే మిగులుతుంది. మొదటి రెండు రోజులు పదకొండుకే పడుకోబెట్టండి, కానీ కింద చెప్పే వరస ప్రకారం. తర్వాత రెండు, మూడు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున ముందుకి జరపండి. పొద్దున కూడా అదే 15 నిమిషాలు ముందు లేపండి. పదకొండు నుంచి తొమ్మిదికి రావాలంటే ఎనిమిది జరుపులు, అంటే సుమారు మూడు వారాలు. తొమ్మిదిన్నరకి లేచే పిల్ల ఈలోగా ఏడున్నరకి వచ్చేస్తుంది.

లేపగానే కర్టెన్ తీసేసి బాల్కనీలోకో, వాకిట్లోకో తీసుకెళ్లండి. లోపలి గడియారాన్ని సరిచేసేది పొద్దుటి వెలుతురే. ఆదివారం కూడా అదే టైమ్. అరగంటకి మించి తేడా రానివ్వకండి. ముందురోజు రాత్రి ఎంత ఆలస్యమైనా సరే, పొద్దున లేపేయాలి. అన్నిటికన్నా మనసొప్పని పని ఇదే. అన్నిటికన్నా ఫలితం ఇచ్చేదీ ఇదే.

3. చివరి కునుకు సరిచేయండి

చివరి కునుకు నుంచి లేచాక రాత్రి పడుకునేదాకా ఆరు నెలల బిడ్డకి సుమారు రెండున్నర గంటలు, తొమ్మిది నెలలప్పుడు మూడు గంటలు, ఏడాదికి నాలుగు గంటలు, రెండేళ్లకి ఐదారు గంటల మెలకువ ఉండాలి. ఒక్కో బిడ్డకి అరగంట అటూ ఇటూ అవుతుంది. తొమ్మిదికి పడుకోవాలంటే ఏడాది పిల్లని ఐదుకల్లా, రెండేళ్ల పిల్లని మూడున్నర, నాలుగుకల్లా కునుకు నుంచి లేపేయాలి.

అలాగని పగటి నిద్ర మొత్తం మాన్పించకండి. రెండు కునుకుల నుంచి ఒక కునుకుకి చాలామంది పిల్లలు 14–18 నెలల మధ్య మారతారు. ఆ మార్పు సాగే రెండు, మూడు వారాలు సాయంత్రం ఆరింటికే కళ్లు వాలిపోతాయి. ఆ రోజుల్లో కునుకు పెంచకండి, రాత్రి పడకే అరగంట ముందుకి జరపండి.

4. సాయంత్రపు వరస కట్టండి

ముప్పై నుంచి నలభై ఐదు నిమిషాలు చాలు. ఏం చేస్తారన్నది మీ ఇష్టం, కానీ రోజూ అదే వరసలో జరగాలి. మా ఇంట్లో చిన్నదానికి ఏడాది దాటాక నడిచిన వరస ఇది, టైములు మీరు మార్చుకోవచ్చు:

ఏడున్నర: బువ్వ. మెత్తటి పప్పన్నమో, పెరుగన్నమో, ఇంట్లో వండిందే.
ఎనిమిదీ పది: హాల్లో టీవీ, ఫోన్లు బంద్. పెద్ద లైట్లు ఆపేసి చిన్నది.
ఎనిమిదీ పావు: లాల పోయడం.
ఎనిమిదిన్నర: పాలు, తర్వాత పళ్లు తోమడం లేదా చిగుళ్లు తడిగుడ్డతో తుడవడం.
ఎనిమిదీ నలభై: గదిలోకి. అట్ట పుస్తకం ఒకసారి.
ఎనిమిదీ యాభై: కిటికీలోంచి చందమామకి టాటా, లైట్ ఆపడం, జోలపాట.

స్నానం గురించి కొంచెం చెప్పాలి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, మోచేత్తో చూసుకోండి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. నీళ్లు చూస్తే కేరింతలు కొట్టి ఇంకా హుషారయ్యే పిల్లలుంటారు. వాళ్లకి స్నానం సాయంత్రం ఆరింటికే పోసేసి, ఈ టైమ్‌లో ముఖం, కాళ్లు, చేతులు తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. చలికాలంలో, జలుబున్నప్పుడూ ఇదే చేయండి. కాళ్లకి కొబ్బరినూనె రాసి మెల్లగా పట్టడం చాలామంది పిల్లలకి హాయిగా ఉంటుంది. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయకండి. సాంబ్రాణి పొగ పట్టవద్దు, పౌడర్ ముఖం దగ్గర చల్లవద్దు. ఈ రెండూ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెద్దవాళ్లు సాంబ్రాణి కావాలంటే జుట్టు మెత్తటి తువ్వాలుతో ఆరబెట్టి చూపించండి, తల ఆరడమే కదా వాళ్లకీ కావాల్సింది.

పాలు కథకి ముందే అయిపోవాలి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే రాత్రంతా పాలు పళ్ల మీద నిలిచి పుచ్చిపోతాయి. పైగా సీసా లేకపోతే నిద్ర రాని అలవాటు కూడా పడుతుంది. ఆరు నెలల్లోపు నీళ్లు వద్దు, ఏడాదిలోపు తేనె అసలు వద్దు.

జోలపాట మీకు వచ్చిందే పాడండి. రాగం అక్కర్లేదు, గొంతు అదే అయితే చాలు. ఫోన్‌లో పాట పెట్టి వదిలేయడం దీనికి సమానం కాదు. రోజూ ఒకే పాట, అన్నిటికన్నా చివర. రెండు వారాలు దాటాక ఆ పాట మొదటి చరణానికే కళ్లు వాలడం మీరే చూస్తారు.

5. కళ్లు వాలగానే పక్క మీద వేయండి

పూర్తిగా నిద్రపోకముందే, మగతగా ఉండగానే పడుకోబెట్టాలి. కారణం ఒక్క మాటలో చెప్తాను. చిన్నపిల్లల నిద్ర సుమారు గంటకోసారి పలచబడుతుంది. అప్పుడు కళ్లు తెరిచి, నిద్రపోయేటప్పుడు ఉన్నదే ఇప్పుడూ ఉందా అని వెతుక్కుంటారు. భుజం మీద నిద్రపోయిన పిల్ల భుజాన్ని వెతుక్కుంటుంది. పక్క మీద నిద్రపోయిన పిల్లకి పక్క ఎలాగూ ఉంది, మళ్లీ కళ్లు మూస్తుంది.

ఇప్పటిదాకా ఎత్తుకుని తిప్పే అలవాటుంటే ఒక్కరోజులో మాన్పించవద్దు. మెట్లు మెట్లుగా దింపండి. నాలుగైదు రోజులు తిరగడం మానేసి ఒకచోట నిలబడి ఊపండి. తర్వాత కూర్చుని ఒళ్లో. తర్వాత పక్క మీద వేసి జోకొట్టడం. తర్వాత చెయ్యి మాత్రం వీపు మీదో, పొట్ట మీదో ఆనించి ఉంచడం. చివరికి పక్కన కూర్చుంటే చాలు. ఏడిస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి, మొదటికి మాత్రం వెళ్లకండి. ఒంటరిగా గదిలో వదిలేసి ఏడిపించాల్సిన అవసరం లేదు. నేనెప్పుడూ చేయలేదు, అయినా కుదిరింది.

చీర ఉయ్యాలలో పడుకునే బిడ్డ అయితే ముందు ఊపు తగ్గించండి, తర్వాత ఊపకుండా ఉంచండి, ఆ తర్వాత పక్క మీదికి మార్చండి. బిడ్డ బోర్లా పడడం నేర్చిన రోజు నుంచి చీర ఉయ్యాల ఆపేయాలి. ముఖం బట్ట మడతలో కూరుకుపోతుంది. పెద్దపిల్లలు దాన్ని మెలిపెట్టి ఆడుతుంటే మెడకి చుట్టుకుంటుంది. వాడనప్పుడు విప్పి లోపల పెట్టేయండి.

6. రాత్రి లేచినప్పుడు

కదిలిన ప్రతిసారీ ఎత్తుకోవద్దు. రెండు నిమిషాలు ఆగండి. నిద్రలోనే మూలిగి మళ్లీ పడుకునే పిల్లలు ఎక్కువ. నిజంగా లేస్తే లైట్ వేయకుండా, కబుర్లు చెప్పకుండా చెయ్యి వేసి జోకొట్టండి. డైపర్ మలంతో ఉంటేనో, బాగా బరువెక్కితేనో మార్చండి.

ఏడాదిలోపు పిల్లలకి రాత్రి పాలు అవసరం కావచ్చు, ముఖ్యంగా తల్లిపాలు తాగేవాళ్లకి. నిద్ర కోసమని పాలు మాన్పించకండి. ఏడాది దాటి, బరువు బాగున్న పిల్ల రెండు గంటలకోసారి పాలు అడుగుతుంటే మాత్రం అది ఆకలి కాకపోవచ్చు. డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించండి.

7. రెండేళ్ల పిల్లల "ఇంకోటి"

నీళ్లు, సుస్సు, ఇంకో కథ, తాతయ్యకి ఇంకో ముద్దు. ఇవన్నీ వరసలోనే ముందుగా కలిపేయండి: పళ్లు తోమాక సుస్సు, రెండు గుక్కల నీళ్లు, అందరికీ ముద్దులు. "పడుకుంటావా?" అని అడగకండి, వద్దనే అంటుంది. "ఎర్ర దుప్పటా, నీలం దుప్పటా?" అని అడగండి. కథ ఒకటా, రెండా అన్నది గదిలోకి వెళ్లకముందే చెప్పేయండి, తర్వాత మాట మార్చకండి. మంచం దిగి వస్తే కోప్పడకుండా, నవ్వకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పడుకోబెట్టండి. పదిసార్లు వస్తే పదిసార్లూ అంతే.

ఇంట్లోవాళ్లతో

ఇది కుదరకపోతే పైవేవీ నిలబడవు. నాన్న డ్యూటీ నుంచి తొమ్మిదికి వస్తాడు, బిడ్డ గంతులేస్తుంది, పదకొండు అవుతుంది. రోజంతా చూడని బిడ్డ మీద ఆయనకి బెంగ ఉంటుంది, దాన్ని కాదనకండి. ఎనిమిదీ పావుకి రాగలిగితే స్నానం, కథ ఆయనకే అప్పగించండి. రాలేకపోతే బిడ్డ పడుకున్నాకే గదిలోకి రమ్మనండి, పొద్దున ఏడున్నర నుంచి ఆఫీసుకి వెళ్లేదాకా బిడ్డ ఆయనదే. రాత్రి పదింటికి అలసిపోయి ఆడే అరగంట కన్నా పొద్దుటి గంట ఇద్దరికీ బాగుంటుంది.

అత్తమామలకి సీరియల్ టైమ్ అదే అయితే టీవీ ఆపమని చెప్పడం కష్టం. మా ఇంట్లో నేను అడిగింది ఇలా: "అత్తయ్యా, మీరు కథ చెప్తే వింటుంది, నేను చెప్తే వినదు. ఎనిమిదీ నలభైకి ఓ పది నిమిషాలు మీరే చెప్పండి, తర్వాత సీరియల్ చూసుకుందురు." ఆవిడ రోజూ అదే కాకి కథ చెప్పేవారు. టీవీ తలుపు వేసి, సౌండ్ తగ్గించి నడిచింది.

ఎక్కువగా జరిగే తప్పులు

బాగా అలసిపోతే తొందరగా పడుకుంటుందని మెలకువగా ఉంచడం. అలసట హద్దు దాటితే పిల్లలు ఇంకా రెచ్చిపోతారు. కళ్లు నలపడం, చెవులు లాక్కోవడం, ఊరికే చిరాకుపడడం మొదలైందంటే టైమ్ దాటుతున్నట్టే.

మూడు రోజులు చూసి మానేయడం. మూడో, నాలుగో రోజు ఏడుపు పెరగడం మామూలే. కనీసం 14 రోజులు ఒకేలా చేయండి.

ఫోన్ చూపిస్తూ పడుకోబెట్టడం. రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ పగలైనా వద్దు. పెద్దవాళ్లయినా పడకకి గంట ముందు ఆపేయాలి.

"బూచాడు వస్తాడు, కళ్లు మూసుకో." భయంతో మూసిన కళ్లు రెండింటికి తెరుచుకుంటాయి. చీకటంటే భయం ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మత్తు కోసం జలుబు సిరప్ పోయడం. ఇది ప్రాణాపాయం. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని మన దేశంలో 2023 డిసెంబర్‌లో ఆదేశాలు కూడా వచ్చాయి. డాక్టర్ రాయని మందు ఏదీ నిద్ర కోసం వద్దు.

బిడ్డకి చలేస్తోందని బట్టలు ఎక్కువ వేయడం. చేతులు, కాళ్లు చల్లగా ఉండడం చూసి స్వెట్టర్ తొడుగుతారు. మెడ వెనకో, ఛాతీ మీదో చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట పట్టి ఉంటే బట్టలు ఎక్కువైనట్టు. ఏసీ ఉంటే 24–26 మధ్య పెట్టండి, గాలి నేరుగా బిడ్డ మీదికి రాకూడదు. మే నెలలో కరెంటు పోయి లేచినప్పుడు ఏడ్చినా అది అలవాటు తప్పినట్టు కాదు, విసిరి జోకొట్టండి.

పని చేస్తోందా? ఎలా చూసుకోవాలి

రెండు వారాలకి నోట్‌బుక్ తీసి మొదటి మూడు రోజులతో పోల్చండి. లైట్ ఆపాక 15–30 నిమిషాల్లో నిద్రపోతోందా? పొద్దున మీరు లేపకముందే తనంతట తాను లేస్తోందా? సాయంత్రం ఐదు, ఆరు మధ్య చిరాకు తగ్గిందా? రెండిటికి అవునంటే దారిలో ఉన్నట్టే, ఏమీ మార్చకండి.

నలభై ఐదు నిమిషాలైనా పొర్లుతూనే ఉంటే చివరి కునుకు ఆలస్యమైంది, లేదా పడక టైమ్‌ని మరీ ముందుకి లాగారు. ఒక జరుపు వెనక్కి వెళ్లండి. తల ఆనించగానే పడిపోయి, గంటకే ఏడుస్తూ లేస్తుంటే అలసట ఎక్కువైంది, 15 నిమిషాలు ముందు పడుకోబెట్టండి. తెల్లారి ఐదింటికే లేస్తుంటే ముందు కిటికీ చూడండి, వెలుతురు లోపలికి వస్తోందేమో.

రోజూ గురక పెడుతున్నా, నోటితో ఊపిరి పీలుస్తున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నట్టున్నా, కాళ్లు అదేపనిగా కొట్టుకుంటున్నా వరస మార్చి లాభం లేదు, డాక్టర్‌కి చూపించండి. రక్తం తక్కువగా ఉన్నా, అంటే ఐరన్ లోపం ఉన్నా నిద్ర కలతగా ఉంటుంది.

వరస తప్పినప్పుడు

జ్వరం వచ్చినా, పళ్లు వస్తున్నా టైములు వదిలేయండి. ఎత్తుకోండి, పక్కన పడుకోండి, అడిగినన్నిసార్లు పాలివ్వండి. తగ్గిన రెండో రోజు నుంచి మళ్లీ మొదలుపెడితే నాలుగైదు రోజుల్లో దారికొస్తుంది.

ఊరికి వెళ్తే వాడిన పక్కబట్టే ఉతక్కుండా తీసుకెళ్లండి, ఆ వాసన కొత్త గదిని సొంతం చేస్తుంది. పెళ్లింట్లో టైమ్ కుదరదు, కానీ పుస్తకం, జోలపాట అదే వరసలో ఐదు నిమిషాల్లో అయినా జరపొచ్చు.

అమెరికా నుంచి సెలవులకి వచ్చేవాళ్లకి పగలు రాత్రి తలకిందులవుతాయి. న్యూజెర్సీ నుంచి వస్తే తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటల తేడా. దిగిన రోజు నుంచే ఇక్కడి టైమ్‌కి బువ్వ, ఇక్కడి పొద్దుటెండలో అరగంట ఆట పెట్టండి. పగటి కునుకు రెండు గంటలు దాటితే లేపేయండి. మొదటి నాలుగైదు రాత్రులు రెండింటికి లేచి ఆడుకుంటానంటుంది. అప్పుడు హాల్లోకి తీసుకురాకండి, చుట్టాల్ని లేపకండి. బెడ్‌లైట్ వెలుతురులో కాస్త అన్నమో పాలో పెట్టి, గదిలోనే నిదానంగా ఆడనిచ్చి, గంట తర్వాత పుస్తకం, పాట మళ్లీ మొదలుపెట్టండి. పొద్దున ఏడున్నరకి మాత్రం కర్టెన్ తీసేయాలి.